నిక్కి కూర్చున్న చోటు

జూలై 22, మంగళవారం

ఈ డైరీ నా పెళ్ళాం యువరాణి కొనిచ్చింది. ఆసుపత్రిలో రోజంతా రోగుల మూలుగులు విని ఇంటికొస్తే, నా గొణుగుడు కూడా వినడం తనవల్ల కాదట. "నోటితో అరిచేదంతా దీంట్లో రాసుకో మామా. నాకు కొంజం నిద్రన్నా పడతాది" అంది. నర్సు కదా, మందు రాసిచ్చాననుకుంటోంది.

తెలుగులో రాస్తున్నాను. మా తమిళనాడు పోలీసు డాగ్ స్క్వాడ్‌లో నేను తప్ప తెలుగు చదవగలిగినవాడు లేడు. నాతోటి కానిస్టేబుల్ ఎలుమలై మాట్లాడతాడు గానీ అక్షరం రాదు. నాకు మా పెద్దమ్మ సరసమ్మ నేర్పింది. అత్తిమంజేరిపేటలో వాళ్ళింట్లో మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని, నూలు కండెలు చుట్టిస్తూ నేర్పింది. అక్షరం తప్పితే కండె పుల్లతో వేళ్ళ మీద ఒకటి పడేది.

ఇవాళ్టి గొణుగుడు ఇది. ఎలుమలై కుక్క రాజాకు మెడల్ ఇచ్చారు. రాజా పని బాంబులు వెతకడం. ఇంతవరకు ఒక్క బాంబూ దొరకలేదు, దొరకలేదని మెడల్. నా నిక్కి పోయిన నెల మూతబడిన రైస్‌మిల్లులో అటక మీద దాక్కున్న మనిషిని పట్టిచ్చింది. దానికి ఎవరూ చిన్న బిస్కెట్ కూడా పెట్టలేదు, నేను తప్ప.

నిక్కి డాబర్‌మన్. దాని పని వాసన పట్టుకుని పోయి, బిల్డింగుల్లోకి దూరి దాక్కున్న మనిషిని కనిపెట్టడం. దొరికితే ఆ చోట కూర్చుంటుంది, కూర్చుని ఒక్కసారి మొరుగుతుంది. కరవదు, గీరదు. తోక కోసేసిన జాతి కాబట్టి చెవులు చూసి దాని మనసు తెలుసుకోవాలి. నాకు తెలుస్తుంది. ఈ స్క్వాడ్‌లో నాకు అర్థమయ్యే ప్రాణి అదొక్కటే.

జూలై 24, గురువారం

తమిళుల ఆడి నెల అమావాస్య. సెలవు అడిగాను, ఇవ్వలేదు. అడిగిన పాపానికి డ్యూటీ మా ఊళ్ళోనే పడింది.

రాత్రి పళ్ళిపట్టు రోడ్డులో నూలు గోడౌన్ తాళం పగలగొట్టి పట్టునూలు ఎత్తుకుపోయారు. వాచ్‌మన్ తంగరాజు తల పగిలి మెట్ల కింద పడి ఉన్నాడట. అతన్ని తిరువళ్ళూరు పెద్దాసుపత్రికి పంపి, మమ్మల్ని పిలిచారు.

నిక్కి విరిగిన గొళ్ళెం వాసన చూసి తిన్నగా బయల్దేరింది. పొలం గట్లు పట్టి, చెరుకుతోట చుట్టి, ఎక్కడికి తీసుకొచ్చిందంటే అత్తిమంజేరిపేట నేతవీధికి. మా వీధికి. ఇన్‌స్పెక్టర్ మునిరత్నం గారికి కోపం తమిళంలో వస్తుంది, ఎగతాళి తెలుగులో వస్తుంది. తెలుగులోనే అన్నాడు: "ఏందయ్యా నందకుమార్, మీ కుక్క దొంగను పట్టేదానికి వచ్చిందా, నిన్ను అమావాస్య భోజనానికి తోడుకోని వచ్చిందా?"

కానిస్టేబుళ్ళు పళ్ళికిలించారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ వరసలో ఇళ్ళన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒక అటక మీద నుంచి పక్క అటక మీదికి మనిషి పోవచ్చు. అందుకని వరసంతా వెతకమన్నాడు. మా పద్ధతి అందరికీ చెప్పాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఇంట్లోవాళ్ళు బయటికి రావాలి. తలుపులూ కిటికీలూ కాసేపు మూసేస్తే లోపలి గాలి నిలబడి, మనిషి వాసన ఉన్నచోట ముద్దగా చేరుతుంది. తర్వాత "లోపల ఎవరున్నా బయటికి రండి, కుక్కను వదులుతున్నాం" అని తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి కేకేయాలి. అప్పుడు వదలాలి. ఇవాళ ఏ ఇంట్లో చూసినా సాంబ్రాణి పొగ. అమావాస్య నాడు మగ్గాలు ఆపి, కడిగి, పసుపు పెట్టి పూజ చేసుకుంటారు కదా. ఆ పొగలో కుక్క ముక్కేం పనిచేస్తుంది?

పెద్దమ్మ ఇల్లు కూడా చూశాం. మోకాళ్ళ నొప్పి కాబట్టి ఆవిడ బయటికి రాలేదు. ఆ వరసలో గుంటమగ్గం, నేసేవాడు గుంటలోకి దిగి కూర్చుని నేసేది, ఇంకా ఆవిడింట్లోనే ఉంది, మిగిలినవాళ్ళంతా కరెంటు మగ్గాలు పెట్టుకున్నారు. నిక్కి ఆ మగ్గం దగ్గర కాసేపు కూలబడింది. ఎండలో అంతదూరం నడిచిన కుక్క కూలబడక ఏం చేస్తుంది?

"కుక్కను మగ్గం మీదికి రానీయొద్దు రా నందా. ఇప్పుడే హారతయింది" అంది పెద్దమ్మ.

"రానీనులే పెద్దమ్మా" అన్నాను.

ఏమీ దొరకలేదు. సాంబ్రాణి వల్ల కుక్క ముక్కు చెడిందని ఇన్‌స్పెక్టర్‌కు చెప్పాను. ముక్కు చెడితే గోడౌన్ నుంచి ఇక్కడిదాకా ఎట్లా వచ్చింది అన్నాడు. వీధిలో పొగ లేదు కదా సార్ అన్నాను. అంతా నిజమే.

జూలై 25

నిక్కి అన్నం ముట్టలేదు. నాకూ సయించలేదు.

జూలై 28, సోమవారం

డాక్టర్‌కు చూపించమని ఇన్‌స్పెక్టర్ ఆర్డర్. పశువుల డాక్టర్ నిక్కి ముక్కులోకి లైటు వేసి, నోరు తెరిచి, చెవులు వెనక్కి మడిచి చూశాడు. "ముక్కు భేషుగ్గా ఉంది. బరువు కొంచెం తగ్గింది. ఏమైనా బెంగా?" అని నన్ను అడిగాడు. కుక్కకు బెంగేమిటండీ, తిని పడుకునేదానికి అన్నాను. నా ముఖం కాసేపు చూసి, నాకు కూడా విటమిన్ మాత్రలు రాశాడు. ఈ మనిషికి డిగ్రీ ఎవరిచ్చారో.

జూలై 30, బుధవారం

తంగరాజు యువరాణి వార్డులోనే ఉన్నాడు. ఇవాళ కళ్ళు తెరిచాడట. పెళ్ళాం కస్తూరమ్మ కాఫీ పట్టుకొస్తే, ఎవరమ్మా నువ్వు అన్నాడట. యువరాణి ఈ మాట చెప్పి, చారు పోస్తూ పోస్తూ ఆగిపోయింది.

తర్వాత అడిగింది: "ఆ రోజు పెద్దత్త ఇంట్లో హారతి ఎవరిచ్చినారు మామా?"

"పెద్దమ్మే ఇచ్చి ఉంటుంది."

"ఆమె మగ్గమెక్కి ఎన్నేండ్లయింది? మన ఇండ్లల్లో మగ్గానికి హారతి నేసే చేతే గదా ఇయ్యాల. నేసేవాడు ఊర్లో లేకుంటే పసుపు పెట్టి గుడ్డ కప్పేస్తారు. శరత్తు తిరుప్పూర్లో ఉండాడంటిరి?"

శరత్‌కుమార్ పెద్దమ్మ కొడుకు, నాకు తమ్ముడు. నేత గిట్టుబాటు కాలేదని బనియన్ల కంపెనీలో చేరాడని పెద్దమ్మే చెప్పింది. ఉన్నాడేమో తిరుప్పూరులో, నేనేమన్నా వాడి కాపలాదారునా? ముసలావిడ ఏదో భక్తి కొద్దీ తనే ఇచ్చుకుని ఉంటుంది. అన్నం తినేటప్పుడు కూడా ఎంక్వయిరీ పెట్టే పెళ్ళాం దొరికింది నాకు. పోలీసు ఉద్యోగం దానికి ఇవ్వాల్సింది.

ఆగస్టు 3, ఆదివారం

ప్రాక్టీస్. ఖాళీ క్వార్టర్స్‌లో ఎలుమలై దాక్కున్నాడు, నేను నిక్కిని వదిలాను. మొదటి గది వదిలేసింది, రెండోది వదిలేసింది, మూడో తలుపు దగ్గర చెవులు నిక్కబొడుచుకుని కూర్చుంది. ఇంక మొరగాలి. మొరగలేదు. తల తిప్పి నా ముఖం వైపు చూసింది.

చూస్తూనే ఉంది. నేను కదలకుండా నిలబడ్డాను. కాసేపటికి లేచి నాలుగో తలుపు దగ్గరికి పోయి, అక్కడా కూర్చుని, మళ్ళీ నా ముఖం చూసింది. ఐదో తలుపు దగ్గరా అదే పని.

ఎలుమలై లోపలి నుంచి, "అన్నా, నేను ఈడ ఉడికిపోతాండా. అది మొరిగేదెప్పుడు, నేను బయటికొచ్చేదెప్పుడు?" అన్నాడు.

వాడు మధ్యాహ్నం కరువాడు తిని వచ్చాడు. ఎండుచేపల కంపులో ఏ కుక్కయినా తికమకపడుతుంది. అదే అన్నాను. "పోయిన నెల కూడా తిన్నా కదన్నా, అప్పుడు పట్టింది" అన్నాడు. వీడికి పోయిన నెల తిన్నది కూడా గుర్తుంటుంది.

ఆగస్టు 8, శుక్రవారం

పెద్దమ్మ ఫోన్ చేసింది. పండగకూ పబ్బానికీ తప్ప చేయని మనిషి.

"గోడౌన్ సంగతి ఇంకా వెతుకుతాండారా నాయనా?"

"వెతుకుతున్నాం పెద్దమ్మా."

"ఆ కుక్కనే తెస్తారా మళ్ళా?"

"సాంబ్రాణికి దాని ముక్కు పనిచేయలేదని రాశారులే" అన్నాను.

"పావం. బాగుందా అది?" అంది.

నా పెళ్ళి తర్వాత నేను బాగున్నానా అని అడగడమే మర్చిపోయిన ఆవిడ కుక్క బాగోగులు అడుగుతోంది. చిర్రెత్తుకొచ్చి ఫోన్ పెట్టేశాను. పెట్టేసి, శరత్ ఎట్లా ఉన్నాడని అడగలేదని గుర్తొచ్చింది. ఆవిడా చెప్పలేదు.

ఆగస్టు 16, శనివారం

తిరుత్తణి కొండ మీద గుడిలో ఆడి కృత్తిక పండగ. కొండ మీదా కిందా కావళ్ళు, పసుపు బట్టలు, గుండ్లు. ఇసకేస్తే రాలదు. ఆ జనంలో గొలుసు తెంపిన ఒకడు బస్టాండు దగ్గర లాడ్జిలో దూరాడు. మునిరత్నం గారు బందోబస్తుకు వచ్చి అక్కడే ఉన్నాడు. నన్నూ నిక్కినీ లోపలికి పంపాడు.

నిక్కి పనిలో తప్పేం లేదు. మొదటి అంతస్తు వదిలేసి తిన్నగా పైకి పోయింది. వరండా చివర బాత్రూం తలుపు దగ్గర కూర్చుంది. కూర్చుని నా ముఖం చూసింది. చెవులు ముందుకే ఉన్నాయి, కళ్ళు మాత్రం నా మీద ఉన్నాయి. మొరుగు తల్లీ అని మనసులో అనుకున్నాను. అది నా ముఖంలో ఏం చదివిందో గాని, లేచి మెల్లగా నా కాలి దగ్గరికి వచ్చేసింది.

"ఏముంది లోపల?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ వెనక నుంచి.

"అది మొరగలేదు సార్" అన్నాను.

పక్క గదికి తిరిగామో లేదో, బాత్రూం కిటికీలోంచి వాడు కిందికి దూకాడు. కావళ్ళ మధ్య పడి, ఎవరి పసుపు కండువానో లాక్కుని నెత్తిన వేసుకుని జనంలో కలిసిపోయాడు. ఆ జనంలో కండువా కప్పుకున్నవాణ్ణి ఎవడు పట్టుకుంటాడు?

ఈసారి ఇన్‌స్పెక్టర్‌కు తమిళంలో వచ్చింది. అన్నదంతా రాయను. ఆఖరున అన్నది మాత్రం ఇది: ఇరవయ్యైదో తేదీ టెస్టు. నిక్కి ఫెయిలైతే స్క్వాడ్‌లోంచి తీసేస్తారు.

ఆగస్టు 17

ఆర్.కె.పేట దగ్గర కోళ్ళఫారం ఆయన అప్పుడే అడిగి పెట్టాడట, కుక్కను తీసేస్తే తనకిమ్మని. రాత్రింబగళ్ళు గొలుసుతో కట్టేస్తాడు, చుట్టూ వేల కోళ్ళు. గాలి ఎటు తిరిగితే అటు ముక్కు తిప్పే కుక్క అది. అక్కడ దాని ముక్కుకు పనే ఉండదు. ఎలుమలై ఈ సంగతి చెప్పి, "మంచి తిండి పెడతాడులే అన్నా" అన్నాడు. వాడి గొంతు పట్టుకుందామనిపించింది.

ఆగస్టు 18, సోమవారం

యువరాణికి లాడ్జి సంగతంతా చెప్పాను. మొరగకుండా నా ముఖమే చూస్తోందని, నేను నేర్పినదంతా మర్చిపోయిందని. పొద్దున్నుంచి తిరిగి నాకు కాళ్ళు లాగుతుంటే అది నా ముఖం చూస్తుందని.

"మర్చిపోలేదు మామా. నిన్ను అడుగుతాంది. చెప్పాల్నా వద్దా అని" అంది.

అంత మాత్రం తెలియక కాదు నేను నెల రోజుల నుంచి సాంబ్రాణి, కరువాడు, ఎండ అని రాస్తున్నది. ఇది నా డైరీ. దీంట్లో కూడా దాచిపెట్టుకుంటే ఇంకెక్కడ చెప్పుకోను?

ఆ రోజు నిక్కి కూలబడలేదు, కూర్చుంది. చెవులు ముందుకు పెట్టి, మగ్గం గుంట వైపు ముక్కు చాచి కూర్చుంది. మొరగబోతూ నోరు తెరిచింది. నేను పట్టీ గుంజి "నో" అన్నాను. దాని పుట్టుకలో అది సరిగ్గా కూర్చున్నప్పుడు నేను నో అనడం అదే మొదటిసారి. నమ్మలేక మళ్ళీ కూర్చుంది. మళ్ళీ నో అన్నాను, ఈసారి గట్టిగా.

పసుపు పెట్టి హారతిచ్చిన మగ్గం అది. నేను చెప్పులేసుకుని కూడా ఆ గదిలోకి పోను, కుక్కను గుంటలోకి ఎట్లా దించేది? అప్పుడు నా బుర్రలో వచ్చింది అదొక్కటే, అది నిజం. మా వీధిలో పుట్టినవాడు ఎవడైనా అదే చేస్తాడు. అయితే రెండో నో మగ్గం కోసం కాదు. మగ్గం మీద సగం నేసిన పడుగు దారాలు కదిలాయి. కిటికీలు నేనే మూయించాను, గాలి లేదు. హారతి పళ్ళెంలో కర్పూరం ఇంకా వెలుగుతోంది. పెద్దమ్మ నా వైపు చూస్తోంది.

శరత్‌ను చిన్నప్పుడు నేను ఎత్తుకుని తిప్పాను. సైకిల్ నేర్పాను.

తంగరాజు ఇవాళ తన పేరు చెప్పాడట. పెళ్ళాం పేరు ఇంకా రాలేదట.

ఆగస్టు 19

నిక్కి ఇవాళ కూడా అదే చూపు.

ఆగస్టు 21, గురువారం

ఇన్‌స్పెక్టర్ గదికి పోయాను.

"సార్, నేతవీధిలో ఒక ఇల్లు సరిగ్గా వెతకలేదు."

"ఏ ఇల్లు?"

"మా పెద్దమ్మది."

పెన్ను కింద పెట్టాడు. అప్పుడు మొత్తం చెప్పాను. హారతి సంగతి, నేసే చేతి సంగతి, పడుగు కదిలిన సంగతి. రేపు మళ్ళీ అమావాస్య, ఆ మగ్గం మీద పడుగు సగంలో ఉంది, వాడు ఎక్కడున్నా హారతికి వస్తాడని చెప్పాను. పడుగు మగ్గం మీద ఉండగా హారతి తప్పిస్తే మా వాళ్ళు ఒప్పుకోరు. దొంగతనం చేసినవాడు కూడా ఒప్పుకోడు.

కోపం ఏ భాషలో వస్తుందా అని చూస్తున్నాను. "ఎన్నయ్యా నువ్వు" అన్నాడు, ఏంటయ్యా నువ్వు అని తమిళంలో. అంతే. తర్వాత, "నెల రోజులు ఆ నోరులేని దాన్ని తిట్టించినావు కదా, నా చేత" అన్నాడు తెలుగులో. అందులో ఎగతాళి లేదు.

ఆగస్టు 22, శుక్రవారం

రాయబుద్ధి కావడం లేదు. రాయకపోతే నిద్ర పట్టదు.

అమావాస్య మధ్యాహ్నం వచ్చింది. మేం ఆ తర్వాత పోయాం. ఇన్‌స్పెక్టర్ మామూలు బట్టల్లో ఉన్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళను పెరటి వైపు నిలబెట్టాడు. పెద్దమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"మళ్ళా దేనికి వచ్చినావు రా?"

"వెతికేదానికి పెద్దమ్మా."

"ఏముండాది వెతికేదానికి, నేనూ మగ్గమూ తప్ప?"

లోపల సాంబ్రాణి కళ్ళు మండేంత దట్టంగా ఉంది. పోయిన నెల కన్నా ఎక్కువ వేసింది. ఎందుకు వేసిందో నాకు తెలుసు, ఫోన్‌లో చెప్పింది నేనే కదా. మగ్గానికి పసుపు, కుంకుమ, పైన చామంతి దండ. పళ్ళెంలో కర్పూరం ఉంది, ఇంకా వెలిగించలేదు.

తలుపులు మూయించాను. తమిళంలో కేకేశాను, తెలుగులో కేకేశాను. మూడోసారి కేక వేయలేదు, మామూలుగానే అన్నాను: "శరత్తూ, బయటికి రా రా."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నిక్కి పట్టీ విప్పేశాను. "సెర్చ్" అని చెప్పి, దానికి వీపు చేసి గోడవైపు తిరిగి నిలబడ్డాను. గోడకు నూలు కొట్టువాళ్ళ క్యాలెండర్ ఉంది. నా ముఖం దానికి కనిపిస్తే మళ్ళీ అడుగుతుంది. అడిగితే నేనేం చెబుతానో నాకే నమ్మకం లేదు.

గోళ్ళ చప్పుడు వంటింట్లోకి పోయింది, అటక నిచ్చెన దాకా పోయింది, వెనక్కి వచ్చింది. నా వెనకాలే ఆగింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. కూర్చుందని తెలుసు. నా వీపు వైపు చూస్తోందని కూడా తెలుసు. క్యాలెండర్‌లో ఆగస్టు నెలంతా చదివాను. మెడ నొప్పెట్టింది. వెనక్కి తిరగాలని ఎంత అనిపించిందో ఎవరికి చెప్పను?

అప్పుడు మొరిగింది. ఒక్కసారే, గట్టిగా. ఆ పొగలోనే.

పడుగు ఎత్తుకుని శరత్ గుంటలోంచి లేచాడు. జుట్టు నిండా నూలు పీచు. "కుక్కను పట్టుకో అన్నా" అన్నాడు. వాడికి చిన్నప్పట్నుంచీ కుక్కలంటే భయం.

"అది కరవదు" అన్నాను.

"తోసినానన్నా. కొట్టలేదు. ఆ వాచ్‌మన్ గట్టిగా అరిచినాడు, నోరు మూయించాలని తోసినా. మెట్టు ఉండాదని చూసుకోలేదు. బతికినాడా?"

"బతికాడు. పెళ్ళాన్ని గుర్తుపట్టడం లేదు."

వాడు గుంట అంచు మీద కూర్చుండిపోయాడు. ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు. పెద్దమ్మ ఆయనకు అడ్డం పోలేదు, ఏడవలేదు. పళ్ళెం చేతికి తీసుకుంది. "హారతిచ్చి పోనీండయ్యా. పడుగు సగంలో ఉండాది" అంది.

ఇన్‌స్పెక్టర్ నా వైపు చూశాడు, మగ్గం వైపు చూశాడు. "ఇయ్యమను" అన్నాడు.

శరత్ కర్పూరం వెలిగించాడు. రెండుసార్లు అగ్గిపుల్ల ఆరిపోయింది. మగ్గానికి హారతిచ్చాడు. నిక్కి కూర్చున్న చోటే కూర్చుని చూస్తోంది. పెద్దమ్మ పళ్ళెం తీసుకుని కొడుక్కి చూపింది, తను కళ్ళకద్దుకుంది. ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టింది, ఆయన కూడా అద్దుకున్నాడు. పెరట్లోంచి వచ్చిన కానిస్టేబుళ్ళకు చూపింది. నేను చెయ్యి చాచాను. పళ్ళెం నా ముందు నుంచి దాటిపోయి దేవుడి గూట్లోకి పోయింది.

ఆగస్టు 25, సోమవారం

టెస్టు అయింది. నిక్కి పాస్. పట్టీ పట్టుకుంది మాత్రం నేను కాదు, ఎలుమలై.

ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. "కుక్కలో ఏ తప్పూ లేదు, అది స్క్వాడ్‌లోనే ఉంటాది. నీ మీద ఎంక్వయిరీ అయ్యేదాకా కుక్కల కెన్నెల్ దిక్కు రావద్దు. నిన్ను చూస్తే అది మళ్ళా నీ మూతి చూసి పనిచేస్తాది."

సరేనన్నాను. కోళ్ళఫారం ఆయనకు వేరే కుక్కను చూసుకోమని చెప్పారట. నాకు కావలసింది అదే కదా. మరి ఇంటికొచ్చి చెంబు ఎందుకు విసిరేశానో తెలియదు. యువరాణి చెంబు తీసి, సొట్ట చూసి, గూట్లో పెట్టింది.

ఆగస్టు 31

పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

సెప్టెంబర్ 4, గురువారం

తంగరాజు ఇవాళ కస్తూరమ్మను పేరు పెట్టి పిలిచాడట. పిలిచి, కాఫీలో చక్కెర లేదని తిట్టాడట. ఆమె వార్డంతా తిరిగి అందరికీ చెప్పుకుందట, నన్ను తిట్టినాడు నన్ను తిట్టినాడు అని. యువరాణి ఇది చెప్తూ నవ్వింది. ఈ నెలన్నరలో తను నవ్వగా చూడటం ఇదే.

నేను ఆ మాట విని బయటికి పోయాను. పోయినవాణ్ణి ఊరికే ఉండొచ్చు కదా. ఖాళీ క్వార్టర్స్ దగ్గర ప్రాక్టీస్ జరిగే వేళ అది.

కెన్నెల్ దిక్కు పోలేదు. క్వార్టర్స్ వెనక కూలిన గోడ ఉంది, దాని వెనక నిలబడ్డాను. గాలి అటు నుంచి నా వైపుకు వీస్తోంది, నా వాసన దానికి అందదు. గోడ సందులోంచి కనిపిస్తోంది. ఎలుమలై నిక్కిని వదిలాడు. మొదటి తలుపు, రెండో తలుపు, మూడోది. కూర్చుంది. ఎవరి ముఖమూ చూడలేదు. వెంటనే మొరిగింది.

చాలా సంతోషమేసింది. ఎలుమలై బిస్కెట్ ఇవ్వడానికి ఇంతసేపు జేబు వెతుక్కుంటుంటే ఒళ్ళు మండింది కూడా. చేతిలో సిద్ధంగా పెట్టుకోవాలని ఎన్నిసార్లు చెప్పాను వాడికి. నాలుగు తిట్లు తిట్టుకున్నాను. ఆ ధ్యాసలో గాలి తిరిగిన సంగతి చూసుకోలేదు.

నిక్కి తల ఎత్తింది. బిస్కెట్ వదిలేసి గోడవైపు నడిచింది. వాసన పట్టుకుని, మెల్లగా, మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ నడిచి వచ్చింది. నేను ఊపిరి బిగబట్టాను. గోడకు అవతల, నాకు అడుగు దూరంలో కూర్చుంది. చెవులు ముందుకు పెట్టి ఒక్కసారి మొరిగింది.

"ఏయ్, ఆడ ఏముందే? ఎవరూ లేరు, రా" అన్నాడు ఎలుమలై. అది కదల్లేదు. వాడు వచ్చి పట్టీ అందుకున్నాడు. గుంజబోతున్నాడు. నో అనడానికి వాడి నోరు తెరుచుకుంటోంది.

ఇక్కడికి రావద్దన్నారు. కనిపిస్తే ఎంక్వయిరీలో ఇది కూడా చేరుతుంది. ఆ మాట వాడి నోట్లోంచి రాకముందే గోడ పక్క నుంచి బయటికి వచ్చాను.

"ఉన్నాను. దానికి బిస్కెట్ ఇవ్వు" అన్నాను.